స్ఫాక్స్ రక్తం

ఆ ఉదయం కూడా స్ఫాక్స్ ఊళ్లోని తన ఇంట్లో మబ్రూకా వేయించిన ధాన్యాల బ్సీసా పిండిలో ఆలివ్ నూనె పోసి కలుపుతూ కోడల్ని దెప్పడం మొదలుపెట్టింది.

"అలా నిలబడ్డావేం? గిన్నె పట్టుకో. మీ గఫ్సా ఊళ్లో ఇది కూడా నేర్పరా?"

కోడలు రీమ్ గిన్నె అందుకుంది. పక్కనే ఆమె కూతురు మూడేళ్ల యుస్రా ఎడమచేత్తో రొట్టె తుంచబోయి జారవిడిచింది. మెదడువాపు తగ్గినా ఆ చేతికి ఇంకా పట్టు రాలేదు.

"చూడు, మీ అమ్మ చేసిన నిర్వాకం! పెదవి మీద పొక్కుతో వచ్చి పిల్లని ముద్దులాడింది. శుచీ శుభ్రం లేని మనుషులు. మన ఊరి పిల్లని చేసుకోరా అంటే విన్నాడా వీడు?"

కొడుకు లుత్ఫీ తలవంచుకుని టీ తాగాడు. పిల్లకి జబ్బు చేసినప్పటి నుంచి రీమ్ తల్లి సాల్హాని మబ్రూకా గడప తొక్కనివ్వలేదు.

ఆ రోజే ఆసుపత్రిలో ఇంట్లో అందరికీ చేసిన రక్తపరీక్షల ఫలితాలూ చెబుతామన్నారు. కోడలి లోపం డాక్టరమ్మ నోటితోనే వినాలని మబ్రూకా కూడా బయల్దేరింది.

"ఆ పొక్కు వైరస్ మనలో చాలామందికి సోకుతుందమ్మా, పెదవి మీద వచ్చి పోతుంది," అంది డాక్టర్. "ఎవరి నుంచి అంటిందో చెప్పలేం. యుస్రాకి మాత్రం మెదడులో దాన్ని అడ్డుకునే జన్యువులో తేడా ఉంది. అందుకే అక్కడికి పాకింది."

"తల్లి నుంచి వచ్చిందేగా?" అంది మబ్రూకా.

"కాదు. తండ్రి నుంచి. ఆయనకి మీ నుంచి."

మబ్రూకా పకపకా నవ్వింది. "మాది అచ్చమైన స్ఫాక్స్ రక్తం తల్లీ! ఈ వయసొచ్చింది, నాకేం కాలేదే?"

"ఆ తేడా ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. మీ ఇంట్లో పసిపిల్లలకెవరికైనా ఇలా జ్వరం, ఫిట్స్ వచ్చాయా?"

మబ్రూకా నవ్వు ఆగిపోయింది. ఆమె తొలిచూలు కొడుకు హాతిమ్ అలాగే ఆమె ఒడిలో పోయాడు. ఆడపడుచు దిష్టి తగిలే పోయాడని, ఆ ఆడపడుచు చనిపోయేదాకా మబ్రూకా ఆమెతో మాట్లాడలేదు.

బయటికి రాగానే రీమ్ అత్తగారి ఎదుట నిలబడింది.

"పుట్టుకతో వచ్చినదానికి మిమ్మల్ని ఒక్క మాట అనను అత్తయ్యా. మా అమ్మని అన్న మాటలకి మాత్రం జవాబు చెప్పండి."

లుత్ఫీ అడ్డురాబోయాడు. "నువ్వుండు," అంది మబ్రూకా. "అది సరిగ్గానే అడిగింది."

ఇంటికి వెళ్లాక తనే సాల్హాకి ఫోన్ చేసింది.

"నేను మబ్రూకాని. తప్పు నాదే. నువ్వు రా. పిల్ల నీకోసం అడుగుతోంది."

అవతల సాల్హా భయంభయంగా అడిగింది:

"వస్తాను వదినా... పిల్లని ఎత్తుకోవచ్చా?"

ఎవరికైనా ఠక్కున బదులిచ్చే మబ్రూకా ఫోన్ పట్టుకునే భోరుమంది. రీమ్ వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఫోన్ అందుకుంది.

"రామ్మా," అంది. "అత్తయ్య కూడా ఎదురుచూస్తోంది."