మునిగిన ఓడలో వంటగది

ఆ రబ్బరు సూటు కంపు కొడుతోంది. ఉతికి ఆరేసినా వదలని కంపు. ఆవిడ దాన్ని ఒళ్ళో వేసుకుని, ముక్కు పక్కకి తిప్పుకుని, వీపు మీది జిప్పు కుడుతోంది. పొద్దున తాగిన టీ గొంతులోనే ఉన్నట్టుంది.

ఆవిడది బట్టలు బాగుచేసే పని. వీధివైపు గదిలో మిషను, కిటికీ కింద బల్ల, కొక్కేలకి జనం ఇచ్చిపోయిన ప్యాంట్లు, కోట్లు. చిరిగిన జేబులు, ఊడిన అంచులు, ఒళ్ళొచ్చి బిగుతైన నడుములు. ఎవరి చెమట వాసనైనా ఆవిడకి మామూలే. ఈ సూటు మాత్రం వేరు. చేతికి జిగురుగా తగులుతోంది. చచ్చిన చేపని పట్టుకున్నట్టుంది.

"అయిందా అమ్మా?" కొడుకు గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"అవుతోంది. ఇది తొడుక్కుని నీళ్ళలోకి దిగుతావా? నీళ్ళే లేచి పారిపోతాయిరా."

"చేపలు ఏమీ అనుకోవులే."

"అనుకున్నా నీకు చెప్పవుగా."

వాడు నవ్వుతూ లోపలికి పోయాడు. కార్ల షోరూంలో మేనేజరు వాడు. చొక్కా మడత నలగనివ్వడు. ఈ మధ్య డైవింగు పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు స్నేహితులతో కలిసి ఎక్కడో దూరాన ఒక దీవికి ప్రయాణం కట్టాడు. పెద్ద విమానం, దాని తర్వాత చిన్న విమానం, ఆపైన పడవ. అక్కడ పగడపు దిబ్బల మధ్య సముద్రం మడుగులా నిలిచి ఉంటుందట. నీళ్ళు అద్దంలా ఉంటాయట. రంగురంగుల చేపల్ని చూసి వస్తారట. ఆవిడకి చెప్పింది అంతవరకే.

ఆ ఇంట్లో సముద్రం మాటొస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. ఆవిడ భర్త ఓడెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. తుఫానులో ఓడ దిబ్బకి కొట్టుకుని మునిగింది. కొందరు బయటపడ్డారు. ఆయన పడలేదు. అప్పటికి కొడుకు పలక పట్టిన వయసులో ఉన్నాడు.

వీధి తలుపు చప్పుడైంది. ఇద్దరు వచ్చారు. ఒకడు వీళ్ళకి డైవింగు నేర్పిన మాస్టారు, ఎండకి కమిలిన మొహం, తక్కువ మాటలు. రెండోవాడు కొడుకు చిన్ననాటి స్నేహితుడు. ఎప్పుడు చూసినా ఫోనెత్తి పట్టుకుని ఉంటాడు కాబట్టి వాణ్ణి ఇంట్లో అందరూ కెమెరా అనే పిలుస్తారు. ముగ్గురూ లోపలి గదిలో చేరి తెర వేసుకున్నారు.

ఆవిడ టీ పెట్టడానికి లేచింది. కోడలు గబగబా అడ్డం వచ్చింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా. నేనిస్తాను."

"నీ చేతికి పిండి ఉందిగా."

"కడుక్కుంటాను. మీరు మాత్రం లోపలికి వెళ్ళకండి."

ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. కోడలు చూపు తిప్పుకుంది. మంచిపిల్ల, అబద్ధం ఆడటం రాదు. ఆవిడ సూటు చేతి మీద వేసుకుని తెర దగ్గరికి నడిచింది. లోపల కెమెరా గొంతు వినపడుతోంది.

"ఆంటీకి ముందు ఏమీ తెలియకూడదు. తిరిగొచ్చాక ఇదే గదిలో కూర్చోబెట్టి మన వీడియో పెడదాం. ఓడ లోపల పలక బిగించే చోటు రాగానే నేను పక్కనుంచి ఆవిడ మొహం పట్టుకుంటా. కన్నీళ్ళు మాత్రం మొదటి దెబ్బకే రావాలిరా. మళ్ళీ ఏడవమంటే అంత బాగా రాదు."

"కళ్ళజోడు తీయిస్తాలే," అన్నాడు కొడుకు. "లైటు పడి మెరుస్తుంది."

ఆవిడకి చేతిలో ఉన్న రబ్బరు వాసన నోట్లోకి వచ్చినట్టయింది. తెర పక్కకి లాగింది.

బల్ల నిండా ఒక ఓడ బొమ్మ పరిచి ఉంది. నిలువుగా కోసి చూపినట్టు, గదులూ మెట్లూ అన్నీ గీసిన బొమ్మ. మూలలు లేవకుండా కప్పులు పెట్టారు. పైనుంచి ఓడ పొట్టలోకి ఎర్ర పెన్సిలుతో దారి గీశారు. పక్కనే మెత్తటి గుడ్డలో ఇత్తడి పలక తళతళలాడుతోంది. ముగ్గురూ దొంగల్లా నిలబడిపోయారు.

"ఏ ఓడరా ఇది?"

కొడుకు పలక మీద గుడ్డ కప్పబోయాడు. ఆ మొహం చూశాక ఆవిడకి వేరే జవాబు అక్కర్లేకపోయింది. పలక తీసి కిటికీ వెలుగులో పెట్టుకుంది. ఆవిడ చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుంటూ చదివింది. భర్త పేరు. దాని కింద, చీఫ్ ఇంజినీర్.

"ఎవరీయన?" అంది.

పాపం మాస్టారికి సంగతి తెలియదు. పెద్దావిడకి మర్యాదగా చెప్పబోయాడు.

"మీవారి జ్ఞాపకంగా పెడుతున్నామమ్మా. ఆయన ఇంజను గదిలో ఉండిపోయారట కదా. అది ఓడ అడుగున ఉంది. దారి ఇరుకు. బురద లేచిందంటే మన చెయ్యి మనకి కనపడదు. అందుకని గుమ్మం దగ్గర తాడు కట్టి, అది పట్టుకునే వెళ్ళి, అది పట్టుకునే రావాలి."

"తాడు చెయ్యి జారితే?" కోడలు వెనకనుంచి అంది. చేతులకి ఇంకా పిండి ఉంది. "మాస్టారూ, మీరే చెప్పారు కదా, అలాంటి గదుల్లోకి వెళ్ళి దారి తెలియక అక్కడే ఉండిపోయినవాళ్ళు ఉన్నారని. వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను అత్తయ్యా. మా నాన్న దగ్గరికి నేను వెళ్ళొద్దా అని మీ అబ్బాయి నా నోరు మూయించారు."

ఆవిడ పలకని బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఆయన ఇంజను గది మొహం ఎప్పుడూ చూళ్ళేదు. ఆయన ఆ ఓడలో వంటవాడు."

మాస్టారు కొడుకు వైపు చూశాడు. కోడలూ చూసింది.

"అమ్మా, మనం తర్వాత మాట్లాడుకుందాం. నలుగురిలో..."

"నలుగురిలో నన్ను ఏడిపించి చూపిద్దామనుకున్నావు. నేను నోరు విప్పితే తప్పొచ్చిందా? ఛీ! లేని ఇంజినీరు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఆయన లేని చోటికి వెళ్ళి ఆయన పేరు కొడతావా? పైగా నా కళ్ళజోడు తీయిస్తావా?"

"నాకు కూడా ఇంజినీరనే చెప్పారు," అంది కోడలు మెల్లగా. "మా నాన్నకీ అదే చెప్పారు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది. రాత్రీపగలూ పక్కనే ఉన్నాను. వంటవాడి కోడలినని తెలిస్తే నేనేం చేస్తాననుకున్నారు, పుట్టింటికి పోతాననా?"

వాడు తల వంచుకున్నాడు. అప్పుడు ఆవిడ కళ్ళు ఒక పక్కకి తిరిగాయి. కెమెరా గోడకి ఆనుకుని, ఫోను గుండెకి ఆనించి, కదలకుండా పట్టుకుని ఉన్నాడు. ఫోను ఇటే చూస్తోంది.

"తీస్తున్నావా?"

"అబ్బే... ఊరికే ఆంటీ." కొడుకు వైపు వంగి గుసగుసగా అన్నాడు. "ఇదిరా అసలు వీడియో. వదులుకోకు."

ఆవిడ చేతి మీదున్న సూటు తీసి వాడి నెత్తి మీద ముసుగేసింది. వాడు ఆ కంపులో ఊపిరాడక కొట్టుకుంటుంటే ఫోను కింద పడింది. కొడుకు వంగి తీశాడు. కాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయాడు. అందులో తల్లి మొహం ఉంది. కోపంతో వణికే పెదవులు, జారిన కళ్ళజోడు. వాడు మొహం చిట్లించాడు, తాగే నీళ్ళలో పురుగు కనపడ్డట్టు. ఉన్నదంతా చెరిపేసి ఫోను స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"వెళ్ళరా."

"అదేంట్రా, ప్లానంతా..."

"వెళ్ళమన్నానా!"

కెమెరా వెళ్ళిపోయాడు. మాస్టారు కూడా లేవబోతే ఆవిడే కూర్చోమంది.

"బళ్ళో నన్ను గరిటెగాడు అనేవాళ్ళమ్మా," అన్నాడు కొడుకు చివరికి. "అన్నాల గంట కొడితే చాలు, వడ్డించరా అని పళ్ళాలు మొహం మీదికి తోసేవాళ్ళు. బడి మారాక కొత్త పిల్లలు అడిగారు, మీ నాన్నేం చేసేవాడని. ఇంజినీరని నోట్లోంచి వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. ఇంక ఆ అబద్ధాన్ని ఎక్కడ దింపాలో తెలియలేదు."

"నీకు సిగ్గని నాకు తెలుసురా. నేను ఆయన మాట ఎత్తితే నువ్వు లేచి వెళ్ళిపోయేవాడివి. అందుకే ఇది కూడా నీకు చెప్పలేదు." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఆ ఓడ నుంచి బయటపడ్డ మనిషొకడు మనింటికి వచ్చాడు. నువ్వు పెరట్లో ఆడుకుంటున్నావు. ఓడ ఒరిగినప్పుడు అందరూ పైకి పరిగెత్తారట. మీ నాన్న పొయ్యి దగ్గరే ఉన్నాడట. నూనె ఒలికి మంటలు లేచాయట. రమ్మని చెయ్యి పట్టి లాగితే, మంట పైకి పాకితే తెప్పలు కాలిపోతాయి, ఆర్పి వస్తాను, మీరు నడవండి అన్నాడట. తెప్పలు కాలలేదు. వాటి మీదే వాళ్ళందరూ బతికారు. ఆయనే రాలేదు."

కొడుకు బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ఓడ బొమ్మ మీద పడ్డాయి. ఎర్రగీత మీద ఒక చుక్క ఇంకింది. వాడు తుడుచుకోలేదు. ఆ కన్నీళ్ళు చూస్తే ఆవిడకి జాలీ వేసింది, వెగటూ వేసింది. ఇన్నాళ్ళూ తండ్రిని దాచిపెట్టిన నోరు ఇదేగా అనిపించింది. అయినా చెయ్యి ఊరుకోలేదు. పైటతో వాడి మొహం గట్టిగా, చిన్నపిల్లాడికి ముక్కు తుడిచినట్టు తుడిచింది.

మాస్టారు గొంతు సవరించుకుని బొమ్మ మీద వేలు పెట్టాడు. "వంటగది ఇదిగోనమ్మా, పైనే. రెండు వైపులా తెరిచే ఉంది. లోపలికి వెలుతురు పడుతుంది. ఇంజను గది మాట ఇంక వద్దు."

"నువ్వు మానెయ్యమంటే ఈ ప్రయాణమే మానేస్తానమ్మా," అన్నాడు కొడుకు.

"ఏమే, నువ్వేమంటావు?" ఆవిడ కోడల్ని అడిగింది.

కోడలు మొహం చూడకుండానే భర్తతో అంది. "మీతో నేను మాట్లాడాల్సింది చాలా ఉంది. అది తిరిగొచ్చాక. మామయ్యగారిని చూసి రండి."

ఆవిడ తల ఊపింది. "వెళ్ళు. పలకలూ వద్దు, వీడియోలూ వద్దు. అక్కడ ఒక్క గిన్నె కూడా కదపొద్దు. నీళ్ళలోకి లైట్లేసుకుని జాతరకి వెళ్ళినట్టు వెళ్ళకండి. లోపలికి అడుగుపెట్టే ముందు తలుపు కొట్టు. అడక్కుండా తన వంటగదిలోకి ఎవరొచ్చినా ఆయనకి ఒళ్ళు మండేది. కెప్టెన్నైనా గుమ్మం బయటే నిలబెట్టేవాడు."

"తలుపు ఈపాటికి ఊడిపోయి ఉంటుందమ్మా."

"గోడ మీద కొట్టు. ఎవరది అంటాడు. చెప్పు."

"ఏమని చెప్పను?"

ఆవిడ వాడివైపే చూస్తూ కూర్చుంది. మాస్టారూ కోడలూ కూడా చూస్తున్నారు. వాడి మొహం ఎర్రబడింది. తర్వాత చెయ్యెత్తి, వేళ్ళు మడిచి, బల్ల మీద మెల్లగా కొట్టాడు.

"నేను నాన్నా," అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "వంటవాడి కొడుకుని."