కొలతల పుస్తకంలో మాస్టారి పేజీ

ఆ వీధిలో ఆయన్ని మాస్టారని, ఆయన భార్యను నర్సమ్మని పిలవడమే అందరికీ అలవాటు. ఆయన బట్టలు కుడతాడు, ఆవిడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆ ఉదయం నర్సమ్మ పెట్టిన టీ మాస్టారి ముందే చల్లారిపోతోంది. ఆయన కప్పు వంక చూస్తున్నాడే గానీ ముట్టుకోవడంలేదు.

“మళ్ళీ గుండెల్లో బిగుతా?”

“బిగుతో, బరువో... ఏదోలే.”

“రెండుసార్లు ఈసీజీ తీయించాను. గుండె గుండ్రాయిలా ఉందన్నారు.”

“దాని సంగతి కాదే. పదింటికి పక్కవీధి టైలరు వస్తాడు. కొట్టు అతనికి అప్పజెప్పేస్తున్నాను.”

బల్లమీద కొట్టు తాళాలు, వాటి పక్కనే కొలతల పుస్తకం. నర్సమ్మ అప్పుడు చూసింది వాటిని. అమ్మాయి ఉద్యోగంలో కుదురుకుంది, నెత్తిన బరువేమీ లేదు. హాయిగా ఉండాల్సిన రోజుల్లో ఈయనకిదేం బుద్ధి?

“నాతో ఒక్కమాటైనా అనలేదేం? కొట్టు వదిలేసి ఏం చేస్తారు?”

“తెలీదు.”

“తెలీకుండానే ఇచ్చేస్తారా?”

“అదే కదా నా బాధ! ఉంచుకోవాలో తెలీదు, వదిలేయాలో తెలీదు. ముప్పై ఏళ్ళు అందరికీ సరిపోయేలా కుట్టాను. యాభై దగ్గరపడింది, నాకేది సరిపోతుందో మాత్రం అంతుపట్టడంలేదు.”

“అంటే నేనూ సరిపోలేదా?”

కాదనడానికే మాస్టారు నోరు తెరిచాడు. కానీ ఆయన బుర్ర చిక్కుపడ్డ దారంలా ఉంది, ఏ కొస పట్టుకోవాలో తెలియక ఊరుకుండిపోయాడు. ఆ ఊరుకోవడం నర్సమ్మకు తగలాల్సిన చోటే తగిలింది.

“ఈ పుస్తకం మీద పెట్టిన చూపు నామీద ఎప్పుడైనా పెట్టారా?” అంటూ దాన్ని విసురుగా లాక్కుంది. అది ఆవిడ పేజీ దగ్గరే తెరుచుకుంది. ఎన్నిసార్లు తెరిచాడో, అక్కడ పుస్తకం నడుమే విరిగిపోయి ఉంది. యూనిఫాం కుట్టిన ప్రతి ఏడూ అందులో ఒక వరుస ఉంది.

‘పాప పుట్టాక నడుము 34. అడిగితే 32 అని చెప్పాలి.’

‘ఎడమ భుజం జారింది. నొప్పి లేదంటుంది గానీ ఉంది. చేతి దగ్గర వదులు పెట్టాలి.’

‘వాళ్ళమ్మ పోయిన ఏడు. బాగా చిక్కింది. పాత కొలతే ఉంచాలి, తేరుకుంటుంది.’

నర్సమ్మకు అక్షరాలు అలుక్కుపోయాయి. “ముప్పై నాలుగా! ఇన్నేళ్ళూ ముప్పై రెండని నన్ను నమ్మించారా?” నవ్వబోయి ఏడ్చేసింది.

ముక్కు తుడుచుకుని ఆయన పేజీ వెతికింది. మొదట్లోనే దొరికింది. ఒకే ఒక్క వరుస: ఛాతీ 36.

“ఇదెప్పటిది?”

“మన పెళ్ళినాటిది.”

“దీంతోనే కుట్టుకుంటున్నారా ఇప్పటికీ?”

“నాదే కదా, ఎవరడుగుతారు? మరీ పట్టేస్తే పక్కకుట్లు విప్పుకుంటాను.”

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. గుండీలు ఇప్పుడో ఇంకాసేపటికో తెగిపోయేలా ఉన్నాయి. పక్కకుట్ల దగ్గర విప్పడానికిక బట్ట లేదు. ఊరందరి చొక్కాల్లో అరంగుళం తేడా పసిగట్టే మనిషి!

“లేవండి. చేతులెత్తండి.”

టేపు చుట్టింది. “నలభై. నన్నింతగా చూసుకున్న మనిషి, మిమ్మల్ని ఒక్కసారైనా చూసుకోలేదా?”

ఇంకొకరు తనకు కొలత తీసి ఎన్నాళ్ళయిందో మాస్టారికి గుర్తురాలేదు. “బిగుతంతా చొక్కాది కాదే,” అన్నాడు మెల్లగా.

“నాకు తెలుసు. మిగతాది ఏమిటో ఇద్దరం కలిసి వెతుకుదాం. ముందు ఊపిరాడనివ్వండి.” ముప్పై ఆరు కింద నలభై రాసి, పక్కన తేదీ వేసింది. “ఏ రంగు కుట్టుకుంటారు?”

మాస్టారు బిత్తరపోయాడు. ఎవరికి ఏ రంగు నప్పుతుందో చిటికెలో చెప్పే మనిషికి, తనకు ఏ రంగు ఇష్టమో ఎంత తడుముకున్నా తట్టలేదు. అలా తడుముకుంటుంటే మాత్రం, చాన్నాళ్ళకు, బాగుంది.

ఇంతలో పక్కవీధి టైలరు గుమ్మంలో నిలబడి దగ్గాడు. “తాళాలు తీసుకోనా మాస్టారూ?”

“ఇప్పుడు కాదయ్యా, కాస్త ఆగు. ఒక చొక్కా కుట్టాలి.”

“అంత అర్జంటు ఎవరిదండీ?”

“నాదే,” అన్నాడు మాస్టారు, చల్లారిన టీ అందుకుంటూ.