మెదళ్ళ డాక్టరు కూతురు

బడికి బయల్దేరే హడావిడిలో ఉన్న టీచరమ్మకు కాఫీ కప్పు పక్కన ఆహ్వానపత్రం కనబడగానే ఒళ్ళు మండిపోయింది. మెదడు జబ్బుల పరిశోధనకు తొలినాళ్ళలో చేసిన సేవలకు వైద్యుల సంఘం ఆమె తండ్రికి పతకం ఇస్తుందట.

"సేవలట, సేవలు!" అని మూతి తిప్పుకుంది. ఆ సేవలేమిటో వీధినడిగితే చెబుతుంది. ఎవరింట్లో ముసలివాళ్ళు కన్నుమూసినా, ఏడుపులు సద్దుమణగకముందే ఈ మహానుభావుడు గుమ్మంలో ప్రత్యక్షం, "మెదడు ఇప్పిస్తారా?" అంటూ. ఒకాయనైతే చెప్పు తీశాడు. ఊరు మెదళ్ళ డాక్టరని పేరు పెట్టింది కానీ ఆ పేరు మోసింది మాత్రం కూతురే. బడిలో తోటిపిల్లలు ఆమెను చూడగానే నెత్తిన చేతులు పెట్టుకుని పారిపోయేవారు.

అసలు మొదలుపెట్టిందే కన్నతల్లితో. నానమ్మ మెదడు తీయించి సీసాలో పెట్టించాడు. ఆ రోజు తిట్టిపోసి వెళ్ళిన మేనత్త ముప్పై ఏళ్ళయినా మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

తండ్రి నెమ్మదిగా వచ్చి ఓ కాగితం ఆమె ముందు పెట్టాడు.

"ఇక్కడ సంతకం చెయ్యమ్మా. నేను పోయాక నా మెదడు ల్యాబుకివ్వాలి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే తీసుకోరు."

"ఊళ్ళోవాళ్ళవి అయిపోయాయా, నీదాని మీద పడ్డావు? నేను చెయ్యను. నానమ్మని కోయించిన చేత్తో నాకు కాగితాలివ్వకు."

"మా అమ్మే అడిగింది."

"ఆహా! పోయినావిడ వచ్చి సాక్ష్యం చెప్పదని ఎంత ధీమా!"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చివర్లో మీ నానమ్మ అందర్నీ దొంగలనేది, గిన్నెలు విసిరేది. పిచ్చని గదిలో పెట్టి గొళ్ళెం పెట్టారు. కాస్త తెలివిగా ఉన్న రోజు నా చొక్కా పట్టుకుని అడిగింది, 'నాకు పిచ్చో జబ్బో తేల్చరా, బతికుండగా తేలకపోతే పోయాక చూడు' అని. చూశాను. జబ్బే. నుదుటి వెనక మెదడంతా కుంచించుకుపోయింది. ఒక్క మెదడు చూసి రాస్తే ఎవరు నమ్ముతారు? అందుకే గుమ్మాల వెంట తిరిగాను."

"మరి అత్తయ్యకెందుకు చెప్పలేదు? నిన్ను కసాయివాడని తిడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"ఆ గొళ్ళెం పెట్టింది మీ అత్తయ్యే తల్లీ. జబ్బుమనిషిని బంధించానని తెలిస్తే అది బతకగలదా? నన్ను తిట్టుకుంటే దానికి నిద్రయినా పడుతుంది."

ఇన్నేళ్ళూ తాను ఎవరిని చీదరించుకుందో ఆ మనిషిని ఇవాళే చూస్తున్నట్టనిపించి టీచరమ్మ సిగ్గుతో తల దించుకుంది.

"నీ మెదడెందుకు నాన్నా ఇప్పుడు?" అంది చివరికి.

"నాకూ మొదలైంది. మొన్న స్కానులో నేనే చూసుకున్నాను. రేపోమాపో నిన్నూ దొంగంటాను. చెయ్యి కూడా ఎత్తుతానేమో." ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "అది నేను కాదని గుర్తుపెట్టుకో. గొళ్ళెం మాత్రం పెట్టకమ్మా."

ఆమె భోరుమంది. కన్నీళ్ళు పడకుండా కాగితం పక్కకు జరుపుకుని సంతకం చేసింది. ఆ రోజు బడికి వెళ్ళలేదు. స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చి, తండ్రి గది తలుపుకు బయటివైపున్న గొళ్ళెం ఊడదీసింది.