నలభై రోజుల చప్పిడి కూర

గడియారాల మెకానిక్ చేతిలోంచి కాఫీ కప్పు జారి పగిలింది. ఆ వారంలో అది మూడోది. వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకారుతో కూర్చోబెట్టే చేతులు, కప్పు చెవిని పట్టుకోలేక వణుకుతున్నాయి.

"మాత్ర వేసుకున్నారా?" అంది భార్య, ముక్కలు ఏరుతూ.

ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంటికి అదే సుప్రభాతం. పెళ్ళైన కొత్తలో ఆయన నెలల తరబడి మంచం దిగకపోవడమూ, ఆ తర్వాత నిద్రన్నది లేకుండా వీధిలో అందరి గడియారాలూ విప్పి కుప్పపోయడమూ చూసిన మనిషి ఆవిడ. ఆ మనసు జబ్బుకి లిథియం మాత్రలొచ్చాకే సంసారం గాడిన పడింది. అందుకే నలభై రోజుల కిందట డాక్టరమ్మ, "కిడ్నీలు కాస్త మొరాయిస్తున్నాయి, నెల తిరక్కుండా పరీక్షకి రండి" అంటే, మాటలో మొదటి సగం మాత్రం పట్టుకుని ఇంటికొచ్చి కొంగు బిగించింది. ఆయన కూరలో ఉప్పు బందు. మంచినీళ్ళకీ కొలత. కిడ్నీలకి విశ్రాంతి వద్దూ మరి!

"వేసుకున్నానే..." నాలుక మడతపడింది ఆయనకి. లేవబోయి గోడ పట్టుకున్నాడు.

"అబద్ధం! మానేశారు. మళ్ళీ మొదలైంది!"

"అమ్మా, ముందు నాన్నని కారెక్కించు. పోట్లాట దార్లో పెట్టుకుందువుగాని," అంది కూతురు తాళాలు అందుకుంటూ.

ఆస్పత్రిలో, మాత్రలు మానేశారని ఆవిడ ఫిర్యాదు చేస్తుండగానే రక్తం రిపోర్టు చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"మానెయ్యడమేంటి? ఉండాల్సినదానికి రెండింతలుంది మందు. కిడ్నీలు ఇంకా దెబ్బతిన్నాయి. ఇంట్లో ఏం మార్చారు?"

"ఏమీ లేదండీ. ఉప్పు మాత్రం పూర్తిగా తీసేశాను, నీళ్ళు తగ్గించాను," అంది ఆవిడ, మెప్పు కోసం చూస్తూ.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే కిడ్నీలు ఈ మందుని బయటికి పోనివ్వవమ్మా. లోపలే పేరుకుని విషమవుతుంది. ఇంకో వారం ఆగుంటే మనిషి దక్కేవాడు కాదు. ఇప్పుడిక ఈ మందు సాగించగలమో లేదో కూడా చెప్పలేను."

ఆవిడ నడుముకి బిగించిన కొంగు లాగి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రానికి సెలైన్ ఎక్కుతుంటే ఆయనకి మాట కాస్త తేటపడింది.

"నాన్నా, నలభై రోజులు చప్పిడి తిన్నావు. ఒక్కసారైనా ఉప్పు లేదనలేదేం?" అంది కూతురు.

"అంటే ఏమంటుంది మీ అమ్మ? టీవీ సౌండు తగ్గించమన్నా మాత్ర వేసుకున్నారా అంటుంది. విసుక్కుంటే జబ్బు. నవ్వితే జబ్బు. ఉప్పు లేదన్నా జబ్బు కిందే జమకడుతుందని ఊరుకున్నా."

గుమ్మంలో నిలబడి విన్న ఆవిడకి చెంప ఛెళ్ళుమన్నట్టైంది. కాపాడుకొచ్చానని ఇన్నేళ్ళూ అనుకున్న మనిషి, కోపగించుకునే హక్కు కూడా లేకుండా తన పక్కనే బతికాడన్నమాట. మెల్లగా మంచం అంచున కూర్చుని, ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"నామీద కోపంగా ఉందా?"

"ఉంది. చాలా."

అలవాటైన ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కళ్ళు తుడుచుకుంది.

"అయితే చెప్పండి. అన్నీ వింటాను."

ఆయన అనుమానంగా చూశాడు. కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పెళ్ళైన ఏడాదే," అని గొంతు పెంచాడాయన, వణికే వేలెత్తి, "నా నీలం చొక్కా నీ తమ్ముడికి ఇచ్చేశావు..."