రోజూ ఏడింటికి

మేడ్చల్ స్టేషన్ బయట ఏజెంట్ మల్లేష్‌ను కాల్చి పారిపోయినవాడికి అతను చచ్చాడో బతికాడో తెలియదు. తోటి ఏజెంట్ సుస్మితకు తెలుసు. ఊపిరి ఆగినప్పుడు అతని తల ఆమె ఒళ్లోనే ఉంది.

ప్రాణాలతో పట్టి తెమ్మని వాణ్ని పంపింది హరిచందన. డిపార్ట్‌మెంట్‌లో ఉంటూనే విదేశీ ముఠాకు పనిచేసిన అందగత్తె. డ్రోన్ డ్రాయింగ్స్ ఉన్న డ్రైవ్ కొట్టేసి తూంకుంటలో ఏదో విల్లాలో దాక్కుంది. పాస్‌వర్డ్ మల్లేష్‌కే తెలుసు. అతను బతికున్నాడనుకున్నన్నాళ్లు అది రాబట్టాలని కాచుకుని ఉంటుంది. పోయాడని తెలిస్తే ఫైళ్లన్నీ తెరవకుండానే సరిహద్దు దాటిస్తుంది.

"వాళ్ల దృష్టిలో మల్లేష్‌ను బతికించు," అన్నాడు చీఫ్ రఘునందన్ సుస్మితతో.

శామీర్‌పేటలో చేపలు పట్టే కుటుంబం మల్లేష్‌ది. ఎక్కడున్నా సాయంత్రం తల్లి సాలమ్మకు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఆ కాల్ వస్తోందో లేదో కనిపెట్టడానికి ముఠా ఆమె పక్కగదిలో తన మనిషి ఎల్లేష్‌ను అద్దెకు దింపింది. సుస్మిత ప్రోగ్రామ్ రాసింది. రోజూ ఏడింటికి మల్లేష్ నంబర్ నుంచి కాల్ వెళ్తుంది. వెళ్లేముందు చీఫ్ రిపోర్టులో ఒక గడి చూసుకుంటుంది: హరిచందన దొరికిందా? అవునని ఉంటే కాల్ చెయ్యదు, తనంతట తానే ఆగిపోతుంది.

ఇరవై సాయంత్రాలు గడిచాయి. చేపలు కొనే మనిషి వేషంలో సుస్మిత ఆ గడపలో కూర్చుని చూసింది. సాలమ్మ ఫోన్ ఎత్తేది కాదు. మోగడం ఆగాక కొంగుతో తుడిచేది.

ఇరవై ఒకటో రోజు విల్లా దొరికింది. కమాండోలు గోడ ఎక్కుతున్నారు. వ్యాన్‌లో సుస్మిత ఎల్లేష్ ఫోన్ ట్యాప్ చేసి వింటోంది. ఏడయింది. కాల్ వెళ్లలేదు.

స్క్రీన్ చూసింది. గడిలో అప్పుడే 'అవును' ఉంది. పని కాకముందే రిపోర్టులో 'పూర్తి' అని రాసిపెట్టడం రఘునందన్‌కు ఆఫీసు అలవాటు. పైవాళ్లు అడుగుతుంటే ముందే నింపేశానని నసిగాడు.

హెడ్‌సెట్‌లో హరిచందన గొంతు. "కాల్ వచ్చిందా?"

ఎల్లేష్ తటపటాయించాడు. వెనక నుంచి సాలమ్మ గొంతు గట్టిగా వినబడింది.

"ఇయ్యాల సుత చేసిండు నా కొడుకు. జర ముందుగాల్నే చేసిండు."

"వచ్చిందట మేడమ్," అన్నాడు ఎల్లేష్.

మరుక్షణం తలుపు బద్దలైంది. బేడీలు పడేటప్పటికి, కాల్ రాలేదంటే నొక్కేద్దామని చాచిన హరిచందన వేలు సెండ్ బటన్‌కు అంగుళం దూరంలో ఉంది.

మర్నాడు సుస్మిత వేషం లేకుండా సాలమ్మ ఇంటికి వెళ్లింది. నోరు విప్పబోతే సాలమ్మ చేత్తో ఆపింది.

"నా కొడుకు రెండు రింగులకే కోసేటోడు. గిది మొత్తం మోగుతది. గంట కొట్టినట్టు ఏడింటికే. వాడు ఏనాడు టైముకు చేసిండు? మొదటి రోజే సమజైంది."

సుస్మిత తల దించుకుంది.

"ఎవలో గింత తిప్పలవడుతున్నరంటే, వాని పని ఇంక మిగిలిందనుకున్న. పక్కోడు రోజు అడుగుతుండె, వచ్చిందన్న." కొంగుతో ఫోన్ తుడిచింది. "ఇగ రాదు గద?"

"రాదమ్మా. ఆగిపోయింది."

సాలమ్మ ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వన్న చెయ్యి బిడ్డా," అంది సాలమ్మ. "కాని టైముకు చెయ్యకు."