కొలతలో లేని కిరీటం

నలుగురు మనుషులు మరియమాత స్వరూపాన్ని జాగ్రత్తగా ఎత్తి, కొత్త అద్దాల గూట్లో పెట్టబోయారు. పాదాలు లోపలికి వెళ్లాయి. భుజాలు వెళ్లాయి. కిరీటం మాత్రం గూడు పైచెక్కకు టక్కుమని తగిలి ఆగిపోయింది.

"మేస్త్రీ గారూ, కొలతలు ఎవరు తీశారు?"

అడిగింది రంగులమ్మాయి. ఆ కథోలిక గుళ్లో స్వరూపాలకు రంగులు వేసే పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన చూపు మందగించాక ఆ పనంతా తనే చేస్తోంది. చెవి వెనక కుంచె, బుగ్గ మీద నీలం మరక.

"నేనేనండీ. విగ్రహానికి తల దాకా సరిగ్గానే కొలిచాను" అన్నాడు వడ్రంగి.

"విగ్రహం కాదు, మేం స్వరూపం అంటాం. మరి కిరీటం?"

"అది విడిగా ఊడి వస్తుంది కదా అని వదిలేశాను."

"రేపు మీ పెళ్లి కోటు కుట్టేవాడు, చేతులు విడిగా వేలాడుతున్నాయి కదా అని వదిలేస్తే తొడుక్కుంటారా?"

మోసినవాళ్లు పగలబడి నవ్వారు. ఫాదర్‌గారు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. వడ్రంగి చెవులు ఎర్రబడ్డాయి.

అందరూ వెళ్లాక అతను నిజం ఒప్పుకున్నాడు. "మరిచిపోలేదండీ. మాది ప్రొటెస్టెంట్ సంఘం, మా చర్చిలో ఇవేవీ ఉండవు. కొలుస్తుంటే కిరీటం దగ్గర చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఆవిడ మంచి తల్లి, ఒప్పుకుంటాను. కిరీటం మాత్రం ఎక్కువనిపించింది."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"ఆవిడ ఎవరి తల్లి?"

"యేసు తల్లి."

"యేసు ఎవరు?"

"దేవుడు."

"ఇప్పుడు ఆ రెండూ కలిపి చెప్పండి."

బోర్డు ముందు నిలబెట్టిన పిల్లాడిలా అతను మెడ గోక్కున్నాడు. "అలా కలపకూడదండీ. దేవుడికి మొదలే లేదు. మొదలు లేనివాడికి తల్లేమిటి?"

"ఆయన మొదలైంది ఆవిడ దగ్గరని ఎవరన్నారు? మనిషైంది ఆవిడ దగ్గర. బిడ్డని కన్నది కదా, ఆ బిడ్డ దేవుడు కదా. దేవుని తల్లి అనకపోతే ఇంకేమంటాం?"

అతను టేపు తీసి, ఈసారి కిరీటాన్ని కూడా కలిపి కొలిచాడు. వాదనలో ఓడినందుకు బాధ కలగలేదు. అదే అతన్ని కంగారు పెట్టింది.

పైచెక్క ఎత్తు పెంచడం రెండు రోజుల పని. మూడు వారాలు పట్టింది. ఒకరోజు చెక్కలో తేమ ఉందన్నాడు. ఇంకోరోజు మేకులు సరైనవి కావన్నాడు.

"పాపం, ఆ మేకులు మీకేం అపకారం చేశాయి?" అనేది ఆమె, కుంచె కడుక్కుంటూ. కానీ అతను ఆలస్యంగా వచ్చిన రోజున గుమ్మం వైపు నాలుగుసార్లు చూసేది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ గుడి వరండాలో చిక్కుకున్నారు. జల్లు కొట్టినప్పుడల్లా ఇద్దరూ గోడ వైపు జరుగుతున్నారు. ఆ జరగడంలో మధ్య దూరం తగ్గిపోతోంది.

"ఒక్కటి అడగనా? మీరు ఆవిణ్ణి పూజిస్తారా?"

"పూజ దేవుడికే. ఆవిణ్ణి మా కోసం ప్రార్థించమని అడుగుతాం, అంతే. మీరు మీ అమ్మగారిని అడగరా?"

"మా అమ్మ బతికుంది కదండీ."

ఆమె వానలోకి అరచెయ్యి చాపింది. "మా అమ్మ పోయి ఆరేళ్లయింది. ప్రభువు దగ్గరికి వెళ్లింది కాబట్టి నా కోసం ప్రార్థించడం మానేసిందంటే నేను నమ్మలేను మేస్త్రీ గారూ."

అతను తల దించుకున్నాడు. వాదన నెగ్గాలన్న కోరిక ఆ క్షణాన పోయింది. ఇంకో కోరిక మిగిలింది. దాన్ని చెప్పడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"జలుబా?" అందామె.

"కాదు. మీరు మా ఇంటికి... అంటే, ఎప్పటికీ..."

ఆమె బుగ్గ మీద నీలం మరక చుట్టూ ఎరుపు కమ్మింది. "మా నాన్నకి నేను చెప్పుకుంటాను. మీ అమ్మగారికి మీరు చెప్పండి. కానీ నేను దేవుని తల్లి అనే మాట మానను. దాచి చేసుకునే పెళ్లి నాకొద్దు. అది కూడా చెప్పండి."

అతను చెప్పాడు. అతని తల్లి సంఘంలో స్త్రీల ప్రార్థన కూటం నడిపే మనిషి. కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకు నెట్టింది.

"ఆ గూడు చేసినందుకే నలుగురూ అడుగుతుంటే నోరు మెదపలేకపోయాను. ఇప్పుడు ఆ గూటి ముందు మోకరించే పిల్లనే తెస్తానంటావా?"

"అమ్మా, ఆ అమ్మాయి లేకపోతే నాకు పెళ్లే వద్దు. నువ్వు వద్దంటే ఆ అమ్మాయీ రాదు. అదీ నా పరిస్థితి."

ఆవిడ కొడుకును ఎగాదిగా చూసింది. "రేపు నన్ను తీసుకెళ్లు. నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడకూడదు."

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి రంగులమ్మాయి స్వరూపం చేతివేళ్లకు రంగు దిద్దుతోంది. గబగబా లేచి నమస్కారం పెట్టింది.

"ఈ బొమ్మ నీ మాట వింటుందనుకుంటున్నావా అమ్మాయ్?" పెద్దావిడ నేరుగా అడిగేసింది.

"దీని చెవులకు రంగేసింది నేనేనండీ. ఇది వినదని నాకంటే ఎవరికి తెలుసు? మా అమ్మ ఫోటోతో మాట్లాడినప్పుడు కాగితంతో మాట్లాడుతున్నానా?"

పెద్దావిడ పెదవి కొస వంగబోయి ఆగింది. "దేవుని తల్లి అంటావట. నా ఇంటికొస్తే ఆ మాట మానేస్తావా?"

వడ్రంగి మాట్లాడబోయి, తల్లి చూపుకి ఆగాడు.

"మానలేనండీ. మానేశానని మీకు అబద్ధం చెప్పడం కూడా నా వల్ల కాదు."

పెద్దావిడ వెనక్కి తిరిగి వెళ్లిపోతుందనుకున్నాడు కొడుకు. ఆవిడ వెళ్లి ముందు వరస బల్ల మీద కూర్చుంది.

"వీడు పుట్టేటప్పుడు నాకు రెండు రోజులు నొప్పులు" అంది నెమ్మదిగా. "ప్రార్థించే ఓపిక కూడా పోయింది. అప్పుడు మరియమ్మ గుర్తొచ్చింది. పరాయి ఊళ్లో, పశువుల మధ్య, పక్కన తన తల్లయినా లేకుండా ఎలా కన్నదో అని. ఆవిణ్ణేమీ అడగలేదు. ఊరికే తలుచుకున్నాను. ధైర్యం వచ్చింది. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా కూటంలో ఏమనుకుంటారోనని."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నిన్ను మాట్లాడొద్దన్నానా?"

రంగులమ్మాయి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. చేతికి రంగు ఉందని కూడా మరిచి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నేను మాత్రం యేసు తల్లి అనే అంటాను" అంది పెద్దావిడ, ఆ చెయ్యి విడిపించుకోకుండా.

"అనండి. అదీ నిజమే కదా."

"నీ మాట నువ్వు అనుకో. నా మీద గెలవడానికి మాత్రం అనకు."

"అననండీ."

"నేనూ నీ మీద గెలవడానికి బైబిలు వాక్యం తీయను. తీయకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను." ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. "ఆదివారం మీ నాన్నగారిని తీసుకుని భోజనానికి రా. ప్రార్థన నేను చేస్తాను. చివర్లో ఆమేన్ అనడానికి నీకేం అభ్యంతరం లేదుగా?"

"ఆమేన్!" అన్నాడు వడ్రంగి, గుడంతా మారుమోగేలా.

"ఒరేయ్, అడిగింది నిన్ను కాదురా!"

రంగులమ్మాయి నవ్వాపుకోలేక రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతుల రంగంతా మొహానికి అంటుకుంది. కాబోయే అత్తగారు ఒక్క క్షణం తటపటాయించి, తన కొంగు కొస తీసి ఆ రంగు తుడవసాగింది.