మూత కింద వేలాడేవి

ఆసుపత్రి నేల కింద, నడవ చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుగుంకాక అటు వెళ్లమంటే కాపలా మనిషికి కూడా వేరే పని గుర్తొస్తుంది.

పోయినవాళ్ల ఒంటి ముక్కలు అక్కడ తలకిందులుగా వేలాడుతూ పెరుగుతాయట.

అది పూర్తిగా అబద్ధమూ కాదు... ఉండండి, చెబుతాను. నా మనవరాలు పనిచేసేది అక్కడే.

క్యాన్సర్ కణితిలోంచి తీసిన కణాలను పళ్లెంలో పోస్తే పలచగా పరుచుకుంటాయి. వాటిని చంపడం తేలిక — ఆరుబయట నిలబడ్డవాణ్ణి కొట్టడమెంతసేపు? కానీ ఒంట్లో కణితి ముద్దగా ఉంటుంది. లోపలి కణాలు గడియ వేసుకు కూర్చుంటాయి. అందుకే మా పిల్ల కణాలను చుక్కలుగా మూతకు అంటించి బోర్లిస్తుంది. వేలాడే చుక్కలో అవి ఒకదాన్నొకటి కరుచుకుని ఉండ కడతాయి. తర్వాత ఆ ఉండలను గుంటలున్న పళ్లెంలోకి దించి, ఒక్కో గుంటలో ఒక్కో మందు వేసి చూస్తారు.

ఒక పళ్లెం చూడాల్సిన గడువు రాత్రిపూట పడింది. మా పిల్ల ఒక్కతే వెళ్లింది.

తలుపు ఓరగా తెరిచి ఉంది...

లోపల చీకట్లో ఎవరో గొణుగుతున్నారు —

"నీ సంగతి చూస్తా... చూస్తానే నీ సంగతి..."

దీపం వేసింది. తెల్లని బట్టలు. బోడి తల. గుంటలు పడ్డ కళ్లు.

మా పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకమ్మా," అందా ఆకారం. "అద్దంలో చూసుకుని నేనే రోజూ జడుసుకుంటున్నా."

పై వార్డులో ఉండే దర్జీ ఆవిడ! తుడిచే అమ్మాయిని బతిమాలి లోపలికొచ్చిందట.

"నాలోంచి తీసింది ఇక్కడే పెంచుతున్నారటగా. ఏదీ, చూపించు."

"మీరిక్కడికి రాకూడదండీ..."

"అది వచ్చేటప్పుడు నన్నడిగిందా?"

మా పిల్ల ఆవిడ పళ్లెం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మొదటి గుంటలో ఉండ గుండ్రంగా, నున్నగా ఉంది.

"ఇందులో వేసింది నాకెక్కిస్తున్న మందేనా?"

"...అవునండీ."

"దీనికి చీమ కుట్టినట్టయినా లేదే!"

రెండోదీ అంతే. మూడో గుంటలో... ఉండ అంచులు చిరుగులు పట్టి, పోగులు పోగులుగా రాలుతున్నాయి.

ఆవిడ తలెత్తింది. "రేపు పెద్ద డాక్టర్ని ఈ మందే అడుగుతా."

"పళ్లెంలో చస్తే ఒంట్లోనూ చస్తుందని నమ్మకం లేదండీ," అంది మా పిల్ల, మెల్లిగా.

"నాకు తెలుసులే. దానికి తెలీదుగా!"

మళ్లీ వంగి, కన్ను ఆనించి, ఆ ఉండతో గుసగుసగా అంది —

"ఇన్నాళ్లూ నాలో దాక్కుని నన్ను హడలగొట్టావు. ఇదిగో, నీ గదికే వచ్చా... ఇక నీకు దెయ్యాన్ని నేనే."